హార్సిలీ కొండకు సైకిలు ప్రయాణము

తిరుపతి నుండి బయలుదేరు సైకిలు ప్రయాణికులు భాకరాపేట కనుమ నెక్కి, పీలేరు, వాయల్పాడుల మీదుగా మదనపల్లె చేరుదురు. అచ్చటికి హార్సిలీ కొండ సుమారు 30 కిలోమీటర్లు. దీని పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. 1870 ప్రాంతమున కడప కలెక్టరు హార్సిలీ దొర వేసవి విడిది కట్టించుటచే నీ పేరు గలిగెను. ఎత్తు సముద్రమట్టమునకు సుమారు 1,265 మీటర్లు.

ఎక్కుటయే కష్టమని విద్యార్థులు తలంతురు. దిగుటయందే యపాయ మెక్కువయని మేము చెప్పుదుము. ఎక్కునపుడు అలసినవాడు సైకిలు దిగి నడువవచ్చును. దిగునపుడు కాళ్లు సంపాదించిన యెత్తంతయు వేగముగా మారును. దాని నణచుటలో బ్రేకులు వేడెక్కి పట్టు తప్పవచ్చును. కావున మలుపునకు ముందే వేగము తగ్గించి, రెండు బ్రేకులను విడిచి విడిచి పట్టవలెను. నడుమ నడుమ ఆగి చల్లారనీయవలెను.

తల్లిదండ్రులారా, పిల్లలను కొండకు పంపుటకు ముందు బ్రేకు రబ్బర్లను మీరే పరీక్షింపుడు.