వైఫై పెట్టె ఛానల్ ఎలా ఎంచుకుంటుంది?



ఆఫీసు గది గోడకు తగిలించిన తెల్ల పెట్టెను మీరందరూ చూసే ఉంటారు. దానికి వైరు ఒక పక్కే ఉంటుంది. ట్యాబులతో మాత్రం గాలిలోనే, రేడియో తరంగాలతో మాట్లాడుతుంది. అది మాట్లాడే దారినే ఛానల్ అంటారు. టీవీ ఛానల్ కాదు. రేడియోలో ముల్లు తిప్పితే స్టేషన్ మారుతుంది కదా, అలాంటిదన్న మాట.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో మన దేశంలో 1 నుంచి 13 వరకు ఛానళ్ళు ఉన్నాయి. అబ్బో చాలా ఉన్నాయి అనుకుంటాము, కాని లేవు. నంబరుకీ నంబరుకీ మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్. పెట్టె మాట్లాడటానికి 20 మెగాహెర్ట్జ్ వెడల్పు కావాలి. హాస్టల్లో ఒకరికి చోటిస్తే నలుగురి చోట్లో చాప పరిచినట్టు! అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా ఎక్కువగా 1, 6, 11 ఈ మూడే వాడతారు.

మరి ఏది తీసుకోవాలో ఎవరు చెప్తారు? ఎవరూ చెప్పరు. కరెంటు రాగానే పెట్టె ముందు మాట్లాడదు, వింటుంది. ఒక్కో ఛానల్లోకి పోయి కాసేపు చెవి పెడుతుంది. ప్రతి పెట్టే సెకనుకు సుమారు 10 సార్లు తన పేరు చెప్పుకుంటూ ఉంటుంది. ఆ పిలుపులు ఎన్ని, ఎంత గట్టిగా ఉన్నాయి, దారి ఎంతసేపు ఖాళీగా ఉంది అని లెక్క చూసుకుని, గోల తక్కువున్న దాంట్లో కూర్చుంటుంది. సంతలో మా అవ్వ చోటు చూసుకుని గంప దించుతుంది చూడండి, అట్లాగే.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఒకే ఛానల్లో రెండు పెట్టెలున్నా అవి ఒకదాని మాట ఒకటి విని, వంతులవారీగా మాట్లాడతాయి. ఆలస్యం అవుతుంది, అంతే. ఒకటి 1లో, ఒకటి 3లో ఉంటేనే ఎక్కువ కష్టం. మాట అర్థం కాదు, రొద మాత్రం వస్తుంది. స్టడీ అవర్లో గోడ అవతల ఎనిమిదో తరగతి వాళ్ళు పద్యాలు అప్పజెప్తుంటే మనకు లెక్కలు ఎక్కనట్టు.

5 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఛానళ్ళు ఎక్కువ. కాని కొన్ని రాడార్లు కూడా వాడేవి. అమెరికా, ఐరోపా నియమాల ప్రకారం అలాంటి ఛానల్లో పెట్టె ముందు 60 సెకన్లు వినాలి. తర్వాత రాడార్ వినిపిస్తే 10 సెకన్లలో ఖాళీ చేసి, 30 నిమిషాలు అటు రాకూడదు.

ఇన్ని తెలిసిన పెట్టెకు ఒక లోపం ఉంది. అది తానున్న చోటే వింటుంది, ట్యాబు ఉన్న చోట కాదు. కంప్యూటర్ గది పెట్టె గొంతు ఇన్ని గోడలు దాటి ఆఫీసు పెట్టెకు వినపడకపోవచ్చు. అప్పుడు రెండూ 6 ఖాళీ అనుకుని దాంట్లోనే కూర్చుంటాయి. మధ్యలో ఉన్న డిజిటల్ క్లాసు చివరి బెంచీకి మాత్రం రెండూ వినిపిస్తాయి. పాఠం గుండ్రంగా తిరిగి తిరిగి ఆగిపోతుంది. పైగా ఆ బెంచీ వాళ్ళే "మీరు వినరు" అని మాట పడతారు. ఇది అన్యాయం అని నా అభిప్రాయం.

కొన్ని పెట్టెలు ఆన్ చేసినప్పుడు ఒక్కసారే వింటాయి, మళ్ళీ వినవు. అందుకని సెట్టింగులో ఆటో తీసేసి, ఒకదానికి 1, ఇంకోదానికి 11 మనమే పెట్టవచ్చు. మేడం గారు కంప్యూటర్ సారుకు చెప్పి మార్పించగలరని కోరుతున్నాము. మార్చాక పెట్టె కింద నిలబడి కాదు, చివరి బెంచీలో కూర్చుని పాఠం పెట్టి చూడాలి.

– 9వ తరగతి విద్యార్థిని