టమాటా ఆకుపై తెల్లగీత ఎవరిది?

పత్తికొండ : టమాటా ఆకుపై వంకరటింకరగా తెల్లగీత కనబడితే అది పాముపొడ. ఆకును ఫోనులో ఫొటో తీసి, మందుల దుకాణంలో చూపి డబ్బా తెచ్చుకోవడం ఇప్పుడు మామూలైంది. అయితే ఫొటోలోని పురుగు ఏదో తేలకుండా కొట్టిన మందు మట్టిపాలే.

ఈ గీత గీసేది ఒక ఈగ పిల్ల. పెద్ద ఈగ రెండు మిల్లీమీటర్లకు మించదు. పసుపు, నలుపు రంగుల్లో ఉంటుంది. ఆకు లోపల గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు రెండు పొరల మధ్య పచ్చదనాన్ని తింటూ పోతుంది. అది పెరిగేకొద్దీ గీత వెడల్పవుతుంది. అమెరికా ఖండానికి చెందిన ఈ ఈగను మనదేశంలో 1991లో హైదరాబాద్ వద్ద ఆముదంపై తొలిసారి గుర్తించారు.

2014లో మహారాష్ట్రలో బయటపడిన టూటా అనే రెక్కల పురుగు పిల్ల కూడా ఆకును తొలుస్తుంది. అది గీతలా కాక వెడల్పు మచ్చలా తింటుంది. దానికి తల, కాళ్లు ఉంటాయి. ఈగ పిల్లకు అవేవీ కనబడవు. ఈగ పిల్ల ఆకుతో సరిపెట్టుకుంటుంది. టూటా కాయలోకీ దూరుతుంది.

దోమ కాని దోమ

పత్తిపై వాలే తెల్లదోమ, పచ్చదోమ పేరుకే దోమలు. వాటికి నాలుగు రెక్కలు. అసలైన ఈగకు, దోమకు రెండే రెక్కలు. ఫొటోలో ముందు లెక్కపెట్టవలసింది అవే.

ఒక్క ఫొటో చాలదు

ఈగను పైనుంచి, పక్కనుంచి, ముఖంవైపు నుంచి ఫొటో తీయాలి. పక్కన స్కేలు పెట్టాలి. ఆకును వెలుతురుకు ఎత్తిపట్టి తీస్తే లోపలి పురుగు కనబడుతుంది. పంట, ఊరు, తేదీ రాసుకోవాలి. ఈ ఈగకు దగ్గరి చుట్టాలు చాలా ఉన్నాయి. వీపు మసకగా ఉందా, మెరుస్తోందా అన్నది కొంత ఆధారం. ఖాయంగా తేల్చాలంటే మగ ఈగను మైక్రోస్కోపు కింద పరీక్షించవలసిందే. అందుకే ఫొటోతోపాటు పొడ ఉన్న ఆకులనూ సంచిలో వేసుకుని బనవాసి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపడం మేలు.

కనబడగానే ఘాటు మందు కొడితే ఈగ పిల్లలను చంపే చిన్న కందిరీగలు ముందు చస్తాయి. ఈగ మాత్రం మందుకు తట్టుకోవడం నేర్చుకుంటుంది. పాముపొడ తొలిదశలో ఆకులు తుంచి కాల్చడం, 5 శాతం వేపగింజల కషాయం, పసుపు జిగురు అట్టలు పనిచేస్తాయి. టూటాకు లింగాకర్షక బుట్టలు వాడాలి. అవి ఈగను పట్టవు.