ఎవరి బండి తోలుతున్నవ్? క్యాడిలాక్ కారు చెప్పే వివక్ష చరిత్ర

మా బాబాయి సెకండ్ హ్యాండ్ కారు కొన్న వారానికే ముదిగొండ సెంటర్లో టీ తాగడానికి ఆగాడు. తెలిసినాయనే ఒకాయన వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఎవరి బండి తోలుతున్నవ్?" అని అడిగాడు.

"మనదే" అన్నాడు బాబాయి.

ఆయన నవ్వాడు. "మనదంటే ఎవరిదిరా?"

బాబాయికి యాభై దాటాయి. అడిగినాయన నా ఈడువాడు. ఆ మాటలో తిట్టు లేదు, కులం పేరు లేదు, కేసు పెట్టడానికి ఏమీ లేదు. కానీ అర్థం ఊళ్లో అందరికీ తెలుసు. నువ్వు స్టీరింగ్ పట్టుకోవచ్చు, యజమానివి మాత్రం కాలేవు.

పీహెచ్‌డీ పనిలో భాగంగా అమెరికా జాతి వివక్ష చరిత్ర చదువుతుంటే ఇదే ప్రశ్న నాకు మళ్లీ ఎదురైంది. గత శతాబ్దం మధ్యకాలంలో సొంత కారులో దక్షిణ రాష్ట్రాల మీదుగా వెళ్లే నల్లజాతీయులను పోలీసులు ఆపి అడిగిన మొదటి ప్రశ్న అదే. అందుకని కొందరు కారులో డ్రైవర్ టోపీ ఒకటి ఉంచుకునేవారు. ఎవరైనా ఆపితే ఆ టోపీ చూపించి, ఇది మా తెల్ల దొరగారి బండి, ఆయనకు అప్పజెప్పడానికి తీసుకెళ్తున్నానని చెప్పేవారు. తన కారుకు తానే జీతగాడినని అబద్ధమాడితే తప్ప క్షేమంగా ఇల్లు చేరలేని రోజులవి.

ఎంత ఖరీదైన కారైతే అంత అనుమానం. అమెరికాలో ఖరీదైన కారంటే అప్పట్లో క్యాడిలాక్. దాని చరిత్రను ఇంజిన్లు, అందచందాల చరిత్రగా చెప్పిన పుస్తకాలు చాలా ఉన్నాయి. దాన్ని ఎవరికి అమ్మారు, ఎవరికి అమ్మలేదు, కొన్నవాళ్లు ఏం అనుభవించారు అన్నదే మనకు కావలసిన చరిత్ర.

అందరికీ అమ్మని కారు

1902లో డెట్రాయిట్‌లో హెన్రీ లీలాండ్ ఈ కంపెనీని మొదలుపెట్టాడు. 1701లో ఆ పట్టణాన్ని స్థాపించిన ఫ్రెంచి అధికారి ఆంత్వాన్ దె లా మోత్ క్యాడిలాక్ పేరే కారుకు పెట్టారు. 1908లో ఇంగ్లండులో మూడు క్యాడిలాక్ కార్లను విప్పి, విడిభాగాలన్నీ కలిపేసి, మళ్లీ బిగించి నడిపి చూపించారు. ఒక కారు భాగం ఇంకో కారుకు సరిగ్గా సరిపోవడం అప్పటికి పెద్ద వింత. దానికి డ్యూయర్ ట్రోఫీ దక్కింది. 1909లో కంపెనీని జనరల్ మోటార్స్ కొనేసింది. చేత్తో హ్యాండిల్ తిప్పే పని లేకుండా కరెంటుతో స్టార్టయ్యే కారును 1912లో క్యాడిలాక్ తెచ్చింది. ప్రపంచానికే ప్రమాణం తమ కారని కంపెనీ ప్రకటనల్లో చెప్పుకుంది.

ఆ ప్రపంచంలో నల్లజాతి ప్రజలు లేరు. వాళ్లకు క్యాడిలాక్ అమ్మకూడదన్నది కంపెనీ విధానం. నల్లవాళ్లు కొంటే తెల్లవాళ్ల దృష్టిలో కారు విలువ పడిపోతుందని భయం. మన భాషలో దీని పేరు మైల.

అయినా డబ్బున్న నల్లజాతీయులు క్యాడిలాక్ కొన్నారు. ఎలా? ఒక తెల్లవాడికి కమీషన్ ఇచ్చి, అతని చేత కొనిపించేవారు. అంటే తెల్లవాడికి ఒక ధర, నల్లవాడికి అదే కారుకు ఇంకో ధర.

ఇది చదివినప్పుడు నాకు అంబేడ్కర్ 'వీసా కోసం నిరీక్షణ'లో రాసుకున్న ఎడ్లబండి ప్రయాణం గుర్తొచ్చింది. 1901లో చిన్నపిల్లాడిగా తండ్రి దగ్గరికి వెళ్తూ రైలు దిగితే, మహర్ పిల్లలని తెలిసి ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు. అదీ షరతు మీద. బండి పిల్లలే తోలుకోవాలి, బండివాడు పక్కన నడుస్తాడు. 1929లో ఆయన బారిస్టరై చాలీస్‌గావ్ వెళ్లినప్పుడు కూడా టాంగావాళ్లు ఆయన్ను ఎక్కించుకుని తోలడానికి ఒప్పుకోలేదు. అలవాటు లేని మనిషి టాంగా తోలితే అది తిరగబడి ఆయనకు గాయాలయ్యాయి. అంటరానితనం ఎప్పుడూ ఉత్త అవమానంగా రాదు. దానికి బిల్లు కూడా ఉంటుంది. ఆ బిల్లు కట్టేది మనమే.

తలుపు ఎందుకు తెరిచారు

1929లో మొదలైన ఆర్థిక మాంద్యంలో క్యాడిలాక్ అమ్మకాలు కూలిపోయాయి. 1932 నాటికి దాన్ని మూసేద్దామా అని జనరల్ మోటార్స్ పెద్దలు ఆలోచిస్తున్నారు. అప్పుడు సర్వీసింగ్ విభాగం చూసే నికొలస్ డ్రేస్టాట్ అనే జర్మన్ వలసదారు వాళ్ల సమావేశంలోకి వెళ్లి తన లెక్క చెప్పాడని మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రకర్ రాశాడు. సర్వీసింగ్‌కు వచ్చే క్యాడిలాక్‌లలో చాలావాటి అసలు యజమానులు నల్లజాతి బాక్సర్లు, గాయకులు, డాక్టర్లు అని అతను గమనించాడు. దళారికి ఇచ్చే ఆ డబ్బు మనమే ఎందుకు తీసుకోకూడదు, నేరుగా అమ్ముదాం అన్నాడు. పెద్దలు ఒప్పుకున్నారు. తయారీ ఖర్చు తగ్గించే మార్గాలు కూడా అతను చూపించాడు. క్యాడిలాక్ బతికింది. 1934లో డ్రేస్టాట్ దానికి అధిపతి అయ్యాడు.

ఇందులో పశ్చాత్తాపం ఎక్కడా లేదు. కంపెనీకి డబ్బు అవసరమైంది, మైల పోయింది. అవసరం తీరాక ఏమవుతుందో కూడా డ్రకర్ రాశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు దొరకనప్పుడు, వ్యభిచార వృత్తిలో బతుకుతున్న నల్లజాతి స్త్రీలను డ్రేస్టాట్ సున్నితమైన యుద్ధ పరికరాల తయారీకి పెట్టుకున్నాడు. వాళ్లు పని నేర్చుకుని బాగా చేశారు. యుద్ధం అయిపోగానే వాళ్లందరినీ తీసేశారు. కారు అమ్మడానికి తెరిచిన తలుపు ఉద్యోగాలకు తెరుచుకోలేదు. నల్లజాతీయుడికి జనరల్ మోటార్స్ మొదటి డీలర్‌షిప్ ఇచ్చింది 1967లో.

ఇల్లు ఇవ్వలేదు, కారు కొన్నారు

"ఇల్లు లేనివాడికి అంత కారెందుకు?" అప్పుడు అమెరికాలో తెల్లవాళ్లు అడిగింది ఇదే. 1949లో నల్లజాతి పత్రిక ఎబొనీ ఈ ప్రశ్నకు జవాబుగా సంపాదకీయమే రాసింది. క్యాడిలాక్ గొప్ప కోసం కాదు, తాము ఎవరికీ తీసిపోమని చూపించే సాధనం అని వాదించింది. ప్రసిద్ధ బాక్సర్ షుగర్ రే రాబిన్సన్ గులాబీ రంగు క్యాడిలాక్‌లో న్యూయార్క్ హార్లెం వీధుల్లో తిరుగుతుంటే పిల్లలు వెంటపడేవారు. ఆ పిల్లలకు కనిపించింది కారు ఒక్కటే కాదు.

ఇల్లు ఎందుకు లేదు? 1934లో ఏర్పడిన ఫెడరల్ గృహ సంస్థ నల్లజాతి ప్రజలుండే ప్రాంతాల్లో ఇళ్ల రుణాలకు హామీ ఇవ్వలేదు. తెల్లవాళ్ల కాలనీల్లో దస్తావేజుల్లోనే నల్లవాళ్లకు అమ్మకూడదని రాసుకున్నారు. అంతకుముందు, 1865లో బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లకు ఇస్తామన్న 40 ఎకరాలను అదే ఏడాది అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వెనక్కి తీసుకున్నాడు. భూమి ఇవ్వలేదు, ఇల్లు కొననివ్వలేదు, బస్సులో వెనక సీటే ఇచ్చారు. ఇక మిగిలింది నాలుగు చక్రాలు.

ముదిగొండ వాళ్లకు ఇది కొత్త పాఠం కాదు. 2007 జులై 28న పేదలకు భూములు, ఇళ్ల స్థలాలు ఇవ్వాలని బంద్ చేస్తున్న జనం మీద ఇక్కడే పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. భూమి అడిగితే తుపాకీ, కారు కొంటే నవ్వు.

ఈ కొనుగోళ్లను విమర్శించిన నల్లజాతి మేధావులూ ఉన్నారు. మధ్యతరగతి నల్లజాతీయులు ఆడంబరంతో తమ బలహీనతను దాచుకుంటున్నారని సామాజిక శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 1950లలో రాశాడు. ఆ విమర్శలో నిజముంది. అయితే అది లోపలివాళ్ల మాట, దాని వెనక బాధ ఉంది. బయటివాళ్ల నవ్వుకూ దానికీ తేడా ఉంది.

కొన్నాక ఏమైంది

కారు కొన్నంత మాత్రాన రోడ్డు మనది కాదు. దారిలో హోటళ్లు గది ఇవ్వవు. కొన్ని పెట్రోల్ బంకుల్లో మరుగుదొడ్డి వాడనివ్వరు. పొద్దుగూకేలోగా నల్లవాళ్లు ఊరు దాటాలని బోర్డులు పెట్టిన పట్టణాలున్నాయి. అందుకని అన్నం మూటలు, దుప్పట్లు, డబ్బాలో పెట్రోలు కారులోనే పెట్టుకుని బయల్దేరేవారు. 1936లో విక్టర్ హ్యూగో గ్రీన్ అనే హార్లెం పోస్ట్‌మ్యాన్ నల్లజాతి ప్రయాణికులకు ఎక్కడ గది, ఎక్కడ భోజనం దొరుకుతాయో చెప్పే 'గ్రీన్ బుక్' వేయడం మొదలుపెట్టాడు. చట్టం వివక్షను రద్దు చేసిన 1964 తర్వాత కూడా కొంతకాలం ఆ పుస్తకం అవసరం పడింది.

2015లో టెక్సస్‌లో శాండ్రా బ్లాండ్ అనే నల్లజాతి యువతిని లేన్ మారేటప్పుడు సిగ్నల్ వేయలేదని పోలీసు ఆపాడు. మూడు రోజుల తర్వాత ఆమె జైలు గదిలో శవమై కనిపించింది. టోపీ పోయింది, ప్రశ్న మిగిలింది.

నవ్వు వెనక రాజకీయం

1970లో 'వెల్ఫేర్ క్యాడిలాక్' అనే పాట అమెరికాలో హిట్టయింది. ప్రభుత్వ సాయం తింటూ క్యాడిలాక్‌లో తిరిగేవాడి మీద ఎగతాళి అది. ఆ ఏడాది వైట్‌హౌస్‌లో కచేరీకి వచ్చిన గాయకుడు జానీ క్యాష్‌ను ఆ పాట పాడమని అధ్యక్షుడు నిక్సన్ తరఫున అడిగారు. క్యాష్ పాడలేదు. 1976 ఎన్నికల ప్రచారంలో రీగన్ ఊరూరా ఒక చికాగో మహిళ కథ చెప్పాడు. మోసం చేసి ప్రభుత్వ సాయం తీసుకుందన్న ఆమె క్యాడిలాక్ గురించి పత్రికలు అప్పటికే రాశాయి. ఒక మనిషి చేసిన మోసం పేద నల్లజాతి తల్లులందరి బొమ్మగా మారింది. పేదల సాయంలో కోతలు పెట్టడానికి ఆ బొమ్మ బాగా పనికొచ్చింది.

ఇప్పుడు మన పక్క మండలానికి వద్దాం. 2021లో హుజూరాబాద్‌లో మొదలైన దళితబంధులో కుటుంబానికి 10 లక్షల రూపాయలు. పైలట్‌గా ఎంచుకున్న మండలాల్లో మా మధిర నియోజకవర్గంలోని చింతకాని ఒకటి. చాలామంది కార్లు, ట్రాక్టర్లు, గూడ్స్ ఆటోలు తీసుకున్నారు. ఆ వెంటనే హోటళ్ల దగ్గర, వాట్సాప్‌లో వినిపించిన మాటలు అందరికీ తెలుసు: "వాళ్లకు కార్లెందుకు?" పథకంలో లోపాలున్నాయి. ఎంపికలో రాజకీయం, కిరాయిలు దొరుకుతాయా లేదా చూడకుండా అందరికీ ఒకే రకం బండ్లు, వీటిని గట్టిగా విమర్శించాల్సిందే. కానీ పథకాన్ని విమర్శించడం వేరు, స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషిని చూసి నవ్వడం వేరు. సబ్సిడీతో ట్రాక్టర్ తీసుకున్న పెద్ద రైతును ఎవరూ "నీకెందుకు?" అని అడగరు.

కార్లు ఉద్యమమైనప్పుడు

కారు ఒక మనిషికి గౌరవం ఇస్తుందేమో. సమానత్వం మాత్రం షోరూంలో దొరకదు. అవే కార్లు ఉమ్మడిగా కదిలినప్పుడు మాత్రం చరిత్ర మారింది.

1955 డిసెంబర్‌లో మాంట్‌గొమరీ పట్టణంలో రోజా పార్క్స్ బస్సు సీటు వదలనందుకు అరెస్టయ్యాక నల్లజాతి ప్రజలు 381 రోజులు బస్సెక్కలేదు. పనులకు ఎలా వెళ్లారు? దాదాపు 300 సొంత కార్లు వంతులవారీగా జనాన్ని దించాయి. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు డాక్టర్ల, పాస్టర్ల కార్లలో కూర్చుని పనికి వెళ్లారు. చర్చిల పేరుతో స్టేషన్ వ్యాగన్లు కొన్నారు. బీమా రద్దు చేయిస్తే లండన్ లాయిడ్స్ నుంచి తెచ్చుకున్నారు. 25 మైళ్ల వేగం దాటకూడని చోట 30లో వెళ్లాడని మార్టిన్ లూథర్ కింగ్‌ను అరెస్టు చేశారు. ఉద్యమానికి వెన్నెముకగా నిలిచిన ఉపాధ్యాయురాలు జో ఆన్ రాబిన్సన్ కారు మీద పోలీసు యూనిఫాంలో ఉన్నవాళ్లు యాసిడ్ పోశారు. చిల్లులు పడ్డ ఆ కారును ఆమె అమ్మేయలేదు. ఏళ్ల తరబడి దాన్నే నడిపారు.

మన చేతిలో ఏముంది

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. సైకిల్, మోటార్ సైకిల్ ఎక్కనివ్వకపోవడం, బహిరంగ ప్రదేశాల్లో చెప్పులు, కొత్త బట్టలు వేసుకోనివ్వకపోవడం, పెళ్లి ఊరేగింపులో గుర్రం గానీ మరే వాహనం గానీ ఎక్కకుండా అడ్డుకోవడం నేరమని సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) పేరుపెట్టి చెప్పింది. ఒక దేశం తన చట్టంలో సైకిల్ అని రాసుకోవాల్సి వచ్చిందంటే, సైకిల్ దిగి నడవమన్న ఊళ్లు ఎన్ని ఉండాలి? దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన తాతలు మనలో చాలామందికి ఉన్నారు.

రెండు గ్లాసుల మీద సర్వేలు చేసిన సంఘాలు, విద్యార్థులు ఇకపై బండి గురించీ అడగాలి. ఊళ్లోకి బండి మీద వెళ్తే ఎవరైనా దించారా? పెళ్లి కారును ఏ వీధి చివర ఆపారు? ఎవరి బండి అని అడిగారా? ఆ ప్రశ్న ఒక్కటే నేరం కాకపోవచ్చు. కానీ అడ్డుకోవడం, కులం పేరుతో నలుగురిలో దూషించడం నేరాలు. మామూలుగా కనిపించే ప్రశ్న ఎక్కడ నేరంగా మారుతుందో తెలియాలంటే ముందు వాటిని రాసి పెట్టుకోవాలి.

బాబాయి ఇప్పుడు ఆ కారు కిరాయికి తిప్పుతున్నాడు. ఖమ్మం ఆస్పత్రులకు, భద్రాచలం గుడికి. వెనక అద్దం మీద అంబేడ్కర్ బొమ్మ అంటిద్దామని స్టిక్కర్ తీసుకెళ్లాను. చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు.

"బొమ్మ చూస్తే కిరాయిలు పోతయ్‌రా" అన్నాడు.

డ్రైవర్ టోపీ గురించి ఆయనకు చెప్పాను. నవ్వలేదు. స్టిక్కర్‌ను డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాడు. ఇంకా అక్కడే ఉంది.