పాత కారే కదా అని తీసిపారేయకండి!

పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకోవడం మన ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు. కానీ ఎంత పెద్ద గిన్నె ఇస్తానన్నా పెళ్ళినాటి పట్టుచీర మాత్రం ఆ మూటలోకి వెళ్ళదు. జరీ నల్లబడినా, మడతల దగ్గర చిరుగులు పట్టినా బీరువాలో దాని చోటు దానిదే. కొన్ని ఇళ్ళల్లో పాత కారు కూడా అలాంటిదే. ఒక్కటే తేడా. పట్టుచీరని ఏడాదికోసారి తీసి నీడన ఆరేస్తే చాలు. కారుని అలా దాచిపెడితే పాడైపోతుంది. నడిపితేనే బతుకుతుంది.

మా ఇంట్లో ఉన్నది 1990 మోడల్ ప్రీమియర్ పద్మిని. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ, అందరికీ అది 'ఫియట్'. అందులో తప్పు కూడా లేదు లెండి. ఇటలీ ఫియట్ కంపెనీ డిజైనుతోనే బొంబాయిలో ప్రీమియర్ వాళ్ళు తయారుచేసేవారు. 1970ల్లో రాజస్థాన్ రాణి పద్మిని పేరు పెట్టారు. ఆడపేరున్న కారు అన్నమాట! కొత్త శతాబ్దం మొదలయ్యేసరికి తయారీ ఆగిపోయింది. ముంబయిలో నలుపు, పసుపు రంగుల టాక్సీలుగా తిరిగిన పద్మినిలకి కూడా 2023 అక్టోబరుతో సెలవిచ్చేశారు.

2018లో మా మావయ్యగారు పోయారు. ఏడాది తిరిగేసరికి కారు అమ్మేద్దామన్న మాట వచ్చింది. మావారికి ఆఫీసుకి వెళ్ళడానికి కొత్త కారుంది. దీన్ని తూకానికి అడిగినవాళ్ళూ వచ్చారు. అత్తయ్యగారు ఏమీ అనలేదు. అనకపోయినా రోజూ ఉదయం గుడ్డతో అద్దాలు తుడవడం మాత్రం మానలేదు. "అమ్మొద్దండీ, నేను నడుపుతాను" అన్నాను మావారితో. "దానికి పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ లేదు, నీవల్ల ఎక్కడవుతుంది?" అని ఆయన నవ్వారు. "చీరతో సైకిల్ తొక్కిన తరం చూసుకోలేదా?" అన్నారు అత్తయ్యగారు లోపల్నించి. అంతే, అమ్మకం ఆగిపోయింది.

అసలు కారుకీ ఆడవాళ్ళకీ దూరం అని ఎవరన్నారు? ప్రపంచంలో మొట్టమొదట కారు మీద దూరప్రయాణం చేసింది ఓ ఇల్లాలే. కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా. 1888 ఆగస్టులో, భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైమాటే. దారిలో ఇంధనం అయిపోతే మందుల షాపులో కొనుక్కుంది. ఇంధనం వచ్చే గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు అతికించుకుంది. పిన్నీసుతో పది పనులు చేసుకునే మనకి ఈ తెలివి కొత్తదా చెప్పండి?

పాత కారు నడపడంలో ఆనందం కూడా అక్కడే ఉంది. అది మనల్ని కూర్చోబెట్టి మోసుకుపోదు, మనచేత పని చేయిస్తుంది. చలికాలం పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేయాలి. ఇంజను కాస్త వేడెక్కాక మళ్ళీ లోపలికి నొక్కాలి. ఎక్కువసేపు లాగి ఉంచితే పెట్రోలు వృథా. తాలింపులో ఆవాలు చిటపటలాడాకే కరివేపాకు వేసినట్టు, దీనికీ ఓ సమయం ఉంది. చెవికి తెలుస్తుంది. గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పితే భుజాలు నొప్పులు. చక్రం కాస్త కదులుతుండగా తిప్పితే వేలితో తిరుగుతుంది. ముందు తలుపుల దగ్గర చిన్న మూడుమూలల అద్దం ఉంటుంది చూడండి, దాన్ని తిప్పి పెట్టుకుంటే గాలి నేరుగా ముఖానికే కొడుతుంది. ఏసీ కారులో ఊరు సినిమాలా కనబడుతుంది. ఇందులో అయితే మిరప యార్డు ఘాటూ, కాలవ గట్టు చల్లదనమూ మనతోపాటే కూర్చుంటాయి.

ఇంకో లాభం, దీని భాష తొందరగా అర్థమవుతుంది. ఓసారి విజయవాడ ఆటోనగర్ నుంచి గుంటూరు తిరిగొస్తుంటే మంగళగిరి దగ్గర ఛార్జింగ్ ఎర్రలైటు వెలిగింది. కాసేపటికే వేడి చూపించే ముల్లు పైకి లేచింది. రెండూ ఒకేసారి వచ్చాయంటే ఫ్యాన్ బెల్టు తెగినట్టే. బ్యాటరీని ఛార్జి చేసేదీ, ఇంజనుని చల్లబరిచేదీ ఆ బెల్టే తిప్పుతుంది మరి. వెంటనే పక్కకి తీసి ఆపాను. అలాంటప్పుడు రేడియేటర్ మూత తీయకూడదు, మరిగే నీళ్ళు ముఖాన చిమ్ముతాయి. డిక్కీలో కొత్త బెల్టు ఎప్పుడూ ఉంచుతాను. ఎదురుగా పంక్చర్ షాపు కుర్రాడు సాయం పట్టాడు. అరగంటలో ఇంటిదారి. "అక్కా, మీకు ఇవన్నీ ఎవరు నేర్పారు?" అన్నాడు. మా మెకానిక్ బాబాయి. ప్రతి సర్వీసుకీ స్టూలేసుకుని పక్కనే కూర్చుంటాను. మొదట్లో ఆయన ఇబ్బంది పడ్డారు. ఇప్పుడు "అమ్మాయ్, ఆ స్పానర్ అందుకో" అంటారు.

అయితే ఇదంతా పూలబాటేనని చెప్పను. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకి చెల్లుతుంది. ఆ తరవాత ప్రతి అయిదేళ్ళకీ బండి చూపించి పొడిగించుకోవాలి. అదివరకు 600 రూపాయలున్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు. మా కారు వంతు ఆ ఏడాది ఆఖర్లోనే వచ్చింది. "ఇంకా ఎన్నాళ్ళు పెడతాం దీనిమీద?" అన్నారు మావారు. ఆ మాటలోనూ న్యాయముంది. కథలు రాస్తే వచ్చిన పారితోషికాలు పోపుల డబ్బాలో కాకుండా బ్యాంకులో వేసుకున్నాను. రెండేళ్ళ కథలు ఒక్క రసీదులో అయిపోయాయి. బాధనిపించలేదు. ఎందుకంటే, మావయ్యగారు పోయాక ఫారం 31 పెట్టి పేరు మార్పించినప్పుడు అత్తయ్యగారు నా పేరే రాయించమన్నారు. ఇల్లు ఆయన పేరున, పొలం మా మరిది పేరున, గ్యాసు కనెక్షన్ అత్తయ్యగారి పేరున. ప్రభుత్వ కాగితం మీద ఫలానా వస్తువు నాది అని ఉన్నది ఈ కారుకే!

భద్రత సంగతి కూడా దాచకూడదు. ఇందులో ఎయిర్ బ్యాగులుండవు. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, వానలో తడిస్తే పట్టు తగ్గుతుంది. ముందు రెండు సీట్లకీ బెల్టులు బిగించాం. అయినా పిల్లలతో హైవే ప్రయాణమంటే కొత్త కారే తీస్తాం. ఇది ఊళ్ళోకే, అరవై దాటకుండా. పొగ విషయంలోనూ కొత్త కార్లంత శుభ్రమైనది కాదు. అందుకే వారానికి రెండుసార్లకి మించి తీయను, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దాటనివ్వను. ఇష్టమున్నచోట బాధ్యత కూడా ఉండాలి కదా.

"అయితే మీది వింటేజ్ కారా?" అని అడుగుతుంటారు. కాదండీ. 2021లో వచ్చిన రూల్సు ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్నవే వింటేజ్. అలా రిజిస్టర్ చేస్తే రోజూ రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ తీసుకెళ్ళొచ్చు. మాది కూరగాయలు మోసే కారు, అలాగే ఉండనీయండి.

మీ ఇంటి షెడ్డులోనూ దుప్పటి కప్పుకుని ఓ పాత కారుంటే, తూకానికి వేసేముందు నాలుగు పనులు చేయండి. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు గడువులు చూడండి. పాత మోడళ్ళు తెలిసిన పెద్ద మెకానిక్‌కి చూపించండి. ఇంజనుకన్నా ముందు బ్రేకులు, టైర్లు, అడుగున తుప్పు చూడమనండి. టైరు అరగకపోయినా ఏళ్ళు గడిస్తే రబ్బరు బిరుసెక్కుతుంది. పెట్రోలు పైపులు మార్పించండి. ఇప్పటి పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరుకి అది పడదు. ఆ పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంచినా మంచిది కాదు.

ఖర్చెంతవుతుందో లెక్క రాసుకోండి. తూగితే ఉంచుకోండి, తూగకపోతే ప్రేమగానే సాగనంపండి. ఉంచుకునేట్టయితే మాత్రం ఓ మాట. తాళాలు గూట్లో వేలాడుతున్నాయి కదా, అవి ఎవరో ఇచ్చేదాకా ఆగకండి. మీరే అడిగి తీసుకోండి!