పదమూడు వారాల నవ్వులు

ఒంగోలు: వీధికి ఒకటో రెండో టీవీలు. మేడ మీద ఇనుప గొట్టానికి బిగించిన యాంటెన్నా. దాన్ని తిప్పడానికి పైన ఒకడు, బొమ్మ కుదిరిందో లేదో అరిచి చెప్పడానికి కిటికీ దగ్గర ఇంకొకడు. హాల్లో చాపల మీద పిల్లలు, గుమ్మంలో ఇరుగుపొరుగు. 1980ల చివరి రోజుల్లో జిల్లా పట్టణాల్లో అరగంట హాస్య సీరియల్ చూడాలంటే ఇంత తతంగం ఉండేది.

ఆ సీరియళ్లు ఎక్కువ కాలం సాగలేదు. దూరదర్శన్‌లో వాటికి సాధారణంగా 13 వారాల గడువు. మూడు నెలలు నవ్వించి తెర దిగిపోయేవి. 'రామాయణం', 'మహాభారతం' అందరికీ గుర్తున్నాయి. ఈ చిన్నవాటిని తలచుకునేవారు తక్కువ. అయినా యాభై దాటినవారి దగ్గర ఒక్క పేరు ఎత్తితే చాలు, గంటసేపు కబుర్లు నడుస్తాయి.

నవ్వుకూ దుబాసీ

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. కాని దాని ప్రసారాలు అన్ని జిల్లాలకూ అందేవి కావు. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం ఎగిరింది. 1984లో దేశమంతటా చిన్న ట్రాన్స్‌మిటర్లు విరివిగా వెలిశాయి. వాటిలో చాలావాటికి మొదట అందింది ఢిల్లీ కార్యక్రమాలే. అందువల్ల చాలా తెలుగు ఇళ్లలో బుల్లితెర మొదట నవ్వించింది హిందీలోనే.

హిందీ ప్రచార సభ పరీక్షలు పాసైనవారికి అప్పుడు ఎక్కడలేని గిరాకీ. ముందు వారు నవ్వేవారు. తర్వాత అర్థం చెప్పేవారు. అప్పుడు మిగతావారు నవ్వేవారు. ఈలోగా తెర మీద మరో రెండు జోకులు దాటిపోయేవి.

బిల్లుల బాధ అందరిదీ

జస్పాల్ భట్టీ 'ఫ్లాప్ షో'కు మాత్రం దుబాసీ అవసరం అంతగా పడలేదు. 1989లో వచ్చిన ఈ సీరియల్ మొత్తం 10 భాగాలే. భట్టీ చదివింది ఇంజినీరింగ్. రాసిందీ, తీసిందీ, నటించిందీ ఆయనే. భార్య సవితా భట్టీ కూడా అందులో నటించారు. మెడికల్ బిల్లులు పెట్టుకుని డబ్బు రాబట్టే ఉద్యోగులు, పీహెచ్‌డీ విద్యార్థి చేత ఇంటి చాకిరీ చేయించే ప్రొఫెసరు, నాసిరకం పనుల కాంట్రాక్టరు ఇందులో పాత్రలు. ఇవి చండీగఢ్‌లో ఎంత నిజమో ఒంగోలులోనూ అంతే నిజం. దెబ్బ తమకే తగిలిందనుకున్నవారు కూడా పక్కవారితో కలిసి నవ్వారు. భట్టీ 2012లో రోడ్డు ప్రమాదంలో మరణించారు.

ప్రకాశ్ ఝా తీసిన 'ముంగేరీలాల్ కే హసీన్ సప్నే'లో రఘువీర్ యాదవ్ పగటికలలు కనే చిరుద్యోగి. ఆఫీసులో పిల్లి, కలలో పులి. కేతన్ మెహతా తీసిన 'మిస్టర్ యోగి'లో మోహన్ గోఖలే అమెరికా నుంచి దిగిన పెళ్లికొడుకు. రాశికి ఒకరు చొప్పున పన్నెండు మంది అమ్మాయిలను చూస్తాడు. అమెరికా సంబంధాల మీద మోజు కోస్తా జిల్లాల్లోనూ పెరుగుతున్న రోజులవి. పెళ్లికెదిగిన ఆడపిల్లలున్న ఇళ్లలో ఆ సీరియల్ నవ్వు తెప్పించింది, ఆలోచనలోనూ పడేసింది.

మన ధర్మవరపు

తెలుగులో ఆ లోటు తీర్చినవారిలో ప్రకాశం జిల్లాకు చెందిన ధర్మవరపు సుబ్రహ్మణ్యం ఒకరు. దూరదర్శన్‌లో వచ్చిన 'ఆనందో బ్రహ్మ' ఆయనను ఇంటింటికీ పరిచయం చేసింది. గొంతు పెంచకుండా, మొహం మార్చకుండా మాట విరిచి నవ్వించడం ఆయన పద్ధతి. 2001లో 'నువ్వు నేను' సినిమాలో లెక్చరరుగా ఆయనను చూసిన కుర్రకారుకు ఆ బుల్లితెర రోజులు తెలియవు. 2013 డిసెంబరు 7న ఆయన కన్నుమూశారు.

అటకెక్కిన టేపులు

'ఫ్లాప్ షో' యూట్యూబ్‌లో దొరుకుతుంది. అన్నిటికీ ఆ అదృష్టం లేదు. ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదైన సరుకు. ప్రసారమైనదాన్ని చెరిపి, దాని మీద మరొకటి రికార్డు చేయడం చాలా దేశాల టీవీ సంస్థల్లో జరిగింది. బ్రిటన్‌లో బీబీసీ 1969లో ప్రసారం చేసిన 'డాడ్స్ ఆర్మీ' రెండో సిరీస్‌లో మూడు భాగాలు నేటికీ దొరకలేదు. అదే సిరీస్‌లో మరో రెండు భాగాలు 2001లో బయటపడ్డాయి. అవి దొరికింది బీబీసీ బీరువాలో కాదు, ఒక ప్రైవేటు వ్యక్తి దగ్గర.

మన ఊళ్లలోనూ వీసీఆర్ ఉన్న ఇళ్లు అప్పట్లో కొన్ని ఉండేవి. నచ్చిన కార్యక్రమాన్ని, ఖాళీ క్యాసెట్ లేకపోతే పెళ్లి క్యాసెట్ చివర మిగిలిన టేపు మీదైనా సరే, రికార్డు చేసుకున్నవారున్నారు. ఆ క్యాసెట్లు అటకల మీద చెమ్మకు బూజు పడుతున్నాయి. చూడటానికి వీసీఆర్ లేక, వాటిని పాత సామాన్ల వాడికి వేసేస్తున్నారు.

క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చే స్టూడియోలు ఇప్పటికీ ఉన్నాయి. బూజు టేపు అంతటా పాకకముందే వెళితే బొమ్మ దక్కవచ్చు. క్యాసెట్ల మూట గుమ్మం దాటేలోగా ఒక్కసారి వాటి మీద రాసిన పేర్లు చదవడం మంచిది. పెళ్లి పేరు రాసి ఉన్నా, చివరిదాకా వేసి చూడాలి.