నూనెలు, క్రొవ్వులు

ధనుర్మాసపు ఉదయమున మీ వంటయింటి అలమరను ఒకమారు పరికింపుడు. కొబ్బరినూనె సీసాలో తెల్లగా గడ్డకట్టి యుండును. నేతిగిన్నెలో చెంచా దిగదు. వానిప్రక్కనే, అదే చలిలో, వేరుసెనగనూనె నీటివలె కదలుచుండును. మూడింటిలోను ఉన్నవి కర్బనము, హైడ్రోజను, ఆక్సిజను అను మూలకములే. అట్లయిన ఈ భేదమేల?

తెలుగు పంతులు రసాయనశాస్త్రము జోలికి వచ్చుటేల యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కారణము కలదు. కొన్నేండ్ల క్రిందట మా నాయనగారికి గుండెజబ్బు వచ్చినది. వైద్యుడు "క్రొవ్వు తగ్గింపుడు" అని ఒక్కమాట చెప్పి పంపెను. మా అమ్మ ఆ మాటను పట్టుకొని తాలింపునకు గూడ నూనె వేయుట మానినది. నాయనగారు రెండు నెలలు ఉడికిన కూరలు తిని, చిక్కిపోయి, కడకు పళ్లెమును త్రోసివేయసాగిరి. "ఏ నూనె వేయవలెను? ఎంత వేయవలెను?" అని అమ్మ నన్నడిగినప్పుడు, ఛందస్సు వచ్చిన నాకు ఆ చిన్న ప్రశ్నకు బదులు రాలేదు. పిమ్మట చదివి తెలిసికొన్న దానినే ఇచ్చట వ్రాయుచున్నాను.

నాకు తెలిసిన శాస్త్రముతో మొదలిడెదను. నూ యనగా నువ్వు. నూ, నెయ్యి కలిసి నూనె యైనది. తమిళమున ఎళ్, నెయ్ కలిసి ఎణ్ణెయ్ యైనది. పూర్వము నూనె యనిన నువ్వులదే. ఆ పేరే తరువాత అన్నింటికిని ప్రాకినది. నువ్వులనూనెను మనము మంచినూనె యందుము, ప్రక్కింటివారు నల్లెణ్ణెయ్ అందురు, అర్థమొక్కటే. 1960లో తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినది గాని, గానుగలో ఈ మాటలు మారలేదు. సంస్కృతమున స్నేహమనగా నూనెయు, చెలిమియు. తెలుగున నెయ్యి ప్రక్కనే నెయ్యము కలదు.

ఇక రసాయనము. నూనెయైనను క్రొవ్వైనను లోపలి కట్టడి యొక్కటే యని ఫ్రాన్సు దేశీయుడైన షెవ్రెల్ 1823లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. మూడు పళ్ల గొర్రును తలచుకొనుడు. అడ్డకఱ్ఱ గ్లిసరాల్, దానికి తగిలించిన మూడు పళ్లు క్రొవ్వు ఆమ్లములు. ఒక్కొక్క ఆమ్లము కర్బన పరమాణువుల గొలుసు. మన ఆహారమున పెక్కింటిలో 16 లేక 18 పరమాణువులుండును. గొలుసులోని ప్రతి కర్బనము పట్టగలిగినంత హైడ్రోజనును పట్టుకొనియుండిన అది సంతృప్త ఆమ్లము. ఎచ్చటనైన హైడ్రోజను కొఱవడి, రెండు కర్బనముల నడుమ ద్విబంధ మేర్పడినచో అది అసంతృప్తము.

సంతృప్తపు గొలుసు తిన్నగా నుండును. సహజమైన నూనెలలో ద్విబంధమున్న చోట గొలుసు వంగును. చక్కెర మిల్లునకు పోవు బండిలో చెఱకుగడలు ఎంత బిగువుగా అమరునో చూచియున్నారు గదా! అదే బండిలో వంకర తుమ్మకొమ్మలను నింపినచో నడుమ సందులే మిగులును. బిగువుగా అమరినది గడ్డకట్టును, అమరనిది పారును. 18 కర్బనముల స్టియరిక్ ఆమ్లము సుమారు 69 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు కరుగదు. అన్నియే కర్బనములుండి, ఒక్క ద్విబంధమున్న ఓలియిక్ ఆమ్లము 13 డిగ్రీల చెంతనే కరగిపోవును. ఒక్క వంపు చేసిన పని యిది!

కొబ్బరినూనెలో సుమారు పదింట తొమ్మిది వంతులు సంతృప్తమే. గొలుసులు పొట్టివి గనుక 24 డిగ్రీలకే కరగును. మన మెట్టపొలముల వేరుసెనగనూనెలో సంతృప్తము అయిదవ వంతు మాత్రమే. సగమునకు దాపుగా ఓలియిక్ ఆమ్లము, మిగిలినది చాలవఱకు రెండు ద్విబంధముల లినోలియిక్ ఆమ్లము. నువ్వులనూనెలో ఈ రెండును ఇంచుమించు సరిసమానము.

సంతృప్తపు క్రొవ్వు మితిమీరినచో, రక్తములోని చెడు కొలెస్టరాల్‌ను కాలేయము తగినంతగా తీసివేయజాలదు. అది ధమనుల గోడలలో చేరి దారిని ఇఱుకు చేయును. వేరుసెనగనూనె డబ్బాపై "కొలెస్టరాల్ లేదు" అని గొప్పగా అచ్చువేయుదురు. చెట్టుచేమల నూనెలలో అది లెక్కింపదగినంత యెన్నడును లేదు. అరటిపండుపై "ఎముకలు లేవు" అని వ్రాసినట్లే!

అట్లని క్రొవ్వు బొత్తిగా మానరాదు. మా అమ్మ పొరపాటు ఇచ్చటనే. 1929లో అమెరికాలో బర్ దంపతులు ఎలుకలకు క్రొవ్వు లేని మేత పెట్టగా వాని చర్మము పొలుసులుగట్టి, పెరుగుదల నిలిచిపోయెను. లినోలియిక్ ఆమ్లము నిచ్చిన కోలుకొనెను. మన శరీరము దానిని స్వయముగా తయారుచేసికొనలేదు. ఏ, డీ, ఈ, కే విటమినులు ఒంటబట్టుటకును క్రొవ్వు కావలెను.

అయినను కొలత యుండవలెను. గ్రాము నూనె 9 కిలోక్యాలరీల శక్తి నిచ్చును. చిన్న చెంచాడు, అనగా 5 గ్రాములు, 45. తిరుత్తణి కొండకు 365 మెట్లు. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లనుకొందము. 50 కిలోల బాలుడు పైకెక్కుటకు చేయు పని సుమారు 6 కిలోక్యాలరీలు. కండరములు తాము వాడిన శక్తిలో నాలుగవ వంతునే పనిగా మార్చును గనుక ఖర్చు 26. మెట్లన్నియు ఎక్కినను చెంచాడు నూనె కరగదు!

వనస్పతి కథ వేఱు. 1902లో జర్మనీ దేశీయుడు నార్మన్ నికెలు సాయమున నూనెలోనికి హైడ్రోజనును ఎక్కించి గడ్డకట్టించు పద్ధతికి పేటెంటు పొందెను. మన దేశమున 1937లో వచ్చిన డాల్డా పేరే జాతిపేరై పోయినది. ఈ క్రియలో కొన్ని ద్విబంధములు నిండక, వంపుమాత్రము పోగొట్టుకొని తిన్ననైన గొలుసులుగా మిగులును. ఇవియే ట్రాన్స్ క్రొవ్వులు. ఇవి చెడు కొలెస్టరాల్‌ను పెంచుటయే గాక మంచిదానిని తగ్గించును. 2022 జనవరి నుండి నూనెలలోను, క్రొవ్వులలోను ఇవి నూటికి 2 పాళ్లు మించరాదని మన దేశమున చట్టము. నేతిలో వనస్పతి కలిపెడి మోసమును పట్టుటకు ఒక చక్కని ఉపాయముండెను: వనస్పతిలో నూటికి 5 పాళ్లు నువ్వులనూనె తప్పక కలుపవలెనని నియమించిరి. అనుమానమున్న నేతిని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లముతోను ఫర్ఫ్యూరాల్‌తోను కలిపి కుదిపిన, నువ్వులలోని పదార్థము ఎఱ్ఱరంగు తేలి దొంగను చూపును.

బజ్జీల అంగళ్లలో నల్లబడిన నూనెనే మఱునాడును కాచుట చూచుచున్నాము. మాటిమాటికి కాచిన నూనెలో గొలుసులు తెగి, గాలిలోని ఆక్సిజనుతో కూడి, హానికరమైన క్రొత్త పదార్థములు పుట్టును. వానిలో ధ్రువ పదార్థములనునవి నూటికి 25 పాళ్లు దాటినచో ఆ నూనెను పారవేయవలెనని 2018లో నియమము వచ్చినది. అంగడివాడు దానిని కొలువలేడు; నురుగు, జిగట, ఘాటైన పొగ చూచి మీరే ప్రక్కకు తొలగుడు.

మా అమ్మ యిప్పుడు ఉదయమే దినమునకు సరిపడు నూనెను చెంచాతో కొలిచి ఒక గిన్నెలో పెట్టును. ఒక నెల వేరుసెనగది, ఒక నెల మంచినూనె. గిన్నె ఖాళీయైన ఆనాటికి అంతే. ఆవాలు చిటపటలాడిన చప్పుడు వినబడగానే నాయనగారు పిలువకయే వచ్చి పీటపై కూర్చుందురు.