విద్యార్థులు - అవధానము

మన కళాశాలలలో నేడు ధ్యానమునకు కొదవ లేదు. 2015వ సంవత్సరము మొదలు ఏటేట జూను 21వ తేదీని యోగదినోత్సవము జరుగుచున్నది. డిసెంబరు 21వ తేదీని ప్రపంచ ధ్యానదినముగా నెంచవలెనని ఐక్యరాజ్యసమితి 2024లో తీర్మానించెను. ఇంజనీరింగు కళాశాలలలోను, ఇంటర్మీడియటు హాస్టళ్లలోను కన్నులు మూసికొని శ్వాసను గమనించుట నేర్పు తరగతులు వెలసినవి. ఇది మంచిదే, మేము దీని నాక్షేపించువారము కాము. కాని ఈ తరగతులవలన కలుగు ఫలములను గూర్చి యాజమాన్యములవారు చెప్పుకొను మాటలను వినునప్పుడు మాకొక సందేహము పొడముచున్నది. ఏకాగ్రత పెరుగునట, జ్ఞాపకశక్తి పెరుగునట, తుదకు మార్కులు పెరుగునట. ప్రక్కమంచముపై జ్వరముతో పడియున్న తోడివానిని గమనించు చూపు పెరుగునని చెప్పిన ప్రకటన యొక్కటియు మా కంటబడలేదు.

అవధానమనగా నేమో తెలుగువారికి ఎవరును క్రొత్తగా చెప్పనక్కరలేదు. తిరుపతి వేంకటకవులు ఊరూర సభలు జరిపి ఈ విద్యను జనసామాన్యమునకు చేరువ చేసిరి. అష్టావధానమున అవధాని కన్నులు మూసికొని తనలో తాను మునిగియుండడు. ఒకరు నిషేధించిన యక్షరమును విడువవలెను. ఇంకొకరిచ్చిన సమస్యను పూరింపవలెను. మఱియొకరు కోరిన వర్ణన చెప్పవలెను. నడుమ అప్రస్తుతప్రసంగి విసరు వెక్కిరింతకు నవ్వుచు బదులు పలుకవలెను. వీనియన్నిటి మధ్య వెనుకనెవరో కొట్టిన గంటల లెక్క తప్పరాదు. తన పద్యమెంత చక్కగా సాగుచున్నను ఆ గంట వినబడనివాడు అవధాని కాడు. పృచ్ఛకులందరును ఏకకాలమున తన మనస్సులో నుండుటయే అవధానము. అట్టి మాటను మనము పరీక్షకు బుద్ధిని పదునుపెట్టు సానరాయిగా మాత్రము చేసికొనుచున్నాము.

ఇప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ అను పేర పడమటినుండి వచ్చుచున్న శిక్షణకు మూలము బౌద్ధుల స్మృతిసాధనయే. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబట్-జిన్ 1979లో దానిని రోగుల బాధానివారణకు వినియోగించెను. అచ్చటినుండి అది పాఠశాలలకును, కచ్చేరీలకును, పడవెళ్లి పడవెళ్లి మరల మనయింటికే చేరినది. అంతకుముందే 1976లో హైదరాబాదు చెంత ధమ్మఖేత్తమను విపశ్యనాకేంద్రము నెలకొనియుండెను. పాళీభాషలోని సతిపట్ఠానసూత్రము తనయందు జరుగుదానిని గమనింపుమని చెప్పి ఊరకుండలేదు. తనకు వెలుపల జరుగుదానినిగూడ గమనింపుమనుచున్నది. మన తరగతులలో మొదటి సగము మాత్రమే నేర్పబడుచున్నట్లున్నది.

వినయపిటకమున నొక కథ కలదు. హాస్టళ్లు నడుపువారెల్లరును దానిని చదువదగును. ఒక విహారమున నొక భిక్షువు అతిసారముతో తన మలములోనే పడియుండెను. బుద్ధుడు ఆనందునితో గూడ గదులను చూచుచు వచ్చి యాతనిని కనుగొని, నీకు పరిచర్య చేయువారెవరును లేరాయని యడిగెను. లేరని యాతడు చెప్పెను. ఏలయనగా, తానితరులకేమియు చేసియుండలేదట. అందుచే నితరులును తనను పట్టించుకొనలేదట. బుద్ధుడు నీరు తెప్పించి తానే పోయగా ఆనందుడు కడిగెను. ఇరువురును తలవైపునను కాళ్లవైపునను పట్టి యాతనిని మంచముపై పరుండబెట్టిరి. పిమ్మట భిక్షువులను పిలిపించి, ఇచ్చట మీకు తల్లియు లేదు, తండ్రియు లేడు, ఒకరికొకరు చూచుకొననియెడల నెవరు చూతురను భావమున మందలించెను. అంతటితో విడువక, రోగి భారమెవరిదో నియమముగా నేర్పరచెను: ఉపాధ్యాయుడున్న నాతడు, ఆచార్యుడున్న నాతడు, శిష్యుడో సహాధ్యాయియో ఉన్న వారు, ఎవరును లేనియెడల సంఘమంతయు.

ఆ విహారమునందలివారు దుర్మార్గులు కారు. స్మృతిసాధనయే వృత్తిగా గలవారు. ధ్యానము నిత్యము జరుగుచోటనే ఒక గదిలోనివాని మూలుగు వినబడకపోయెను. కావున దినమున కరగంట కన్నులు మూసికొనుటచేత దయ దానంతట నదియే పుట్టునని మేము నమ్మజాలము. దానికి నియమమును, అలవాటును తోడు కావలెను.

తీరికయు కావలెను. 1973లో ప్రకటింపబడిన యొక పరిశోధనను గూర్చి ఇచ్చట చెప్పవలసియున్నది. డార్లీ, బాట్సన్ అను మనస్తత్త్వజ్ఞులు ప్రిన్స్‌టన్ మతవిద్యాలయమున పురోహితవృత్తికి చదువుచున్న 40మంది విద్యార్థులను ప్రక్కభవనమునకు పోయి ఉపన్యసింపుమనిరి. కొందరికి ఉపన్యాసవిషయము, దారిలో దెబ్బలు తిని పడియున్నవానిని ఆదుకొన్న సమరయుని కథయే. దారిలో నొక ద్వారమున నొకడు క్రుంగి దగ్గుచు కూర్చుండునట్లు ఏర్పాటు చేసిరి. తీరిక గలవారిలో నూటికి 63మంది ఆగిరి. కొంచెము తొందరగలవారిలో 45మంది. మిక్కిలి ఆలస్యమైనదని చెప్పి తఱుమబడినవారిలో నూటికి పదుగురు మాత్రమే! సమరయుని కథ చెప్పబోవుచున్నవారును తొందరలో నున్నప్పుడు ఆగలేదు. కొందరాతనిని దాటికొనియే పోయిరి. వారి గుణమున లోపము లేదు, గడియారమున కలదు.

ధ్యానమునకు ఫలమే లేదని దీని యర్థము కాదు. 2013లో బోస్టను నగరమున నార్త్‌ఈస్టరన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎనిమిదివారములు ధ్యానము నేర్చినవారిని, నేర్వనివారిని వేఱువేఱుగ నొక గదిలో కూర్చుండబెట్టి, చంకకఱ్ఱలతో బాధపడుచున్న యొక స్త్రీని లోనికి పంపిరి. తక్కినవారు కదలకుండుటను చూచుచునే లేచి తన కుర్చీ నిచ్చినవారు ధ్యానము నేర్చినవారిలో సగముమంది. నేర్వనివారిలో ఇంచుమించు ఆరుగురికొకరు. చిన్న పరిశోధనయే యైనను ఆశ కలిగించునది. పదిమంది ఊరకున్నప్పుడు తాను లేచుట కష్టము. ర్యాగింగు జరుగుచోట పెక్కుమంది చేయునదేమి? వారు కొట్టరు, తిట్టరు. చూచుచుందురు, కొందరు సెల్‌ఫోనులో బొమ్మ తీయుదురు. ఆంధ్రప్రదేశమున 1997లోనే దానిని నిషేధించుచు చట్టము చేయబడినది. విశ్వవిద్యాలయముల నిధులసంఘము 2009లో నిబంధనలు విధించినది. చట్టము కొట్టినవానిని శిక్షించును గాని చూచినవానిని లేపజాలదు.

ఇక మన కళాశాలల గడియారమును చూతము. తెల్లవారకముందే లేపుట, రాత్రి పదిగంటలదాక చదివించుట, వారము వారము పరీక్ష, పరీక్ష పరీక్షకు ర్యాంకు, ర్యాంకునుబట్టి తరగతి. ప్రక్కవాడు స్నేహితుడు కాడు, తనకంటె పైనున్న యంకె. ఈ బ్రదుకులో నాగి చూచుట కెవరికి తీరిక కలదు? జాతీయ నేరనమోదు కార్యాలయము లెక్కప్రకారము 2022లో మన దేశమున 13,044మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. వారిలో నెందరి బాధ ప్రక్కమంచమువాడు ముందుగా కనిపెట్టియుండవచ్చునో ఆ లెక్క ఏ కార్యాలయమును వ్రాయలేదు. విశాఖపట్టణమున చదువుచుండిన యొక విద్యార్థిని మరణమును గూర్చిన వ్యాజ్యెమున సర్వోన్నత న్యాయస్థానము 2025 జూలైలో దేశమునకంతకు వర్తించు నియమములు చేసినది. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతిసంస్థయు అర్హతగల కౌన్సిలరును నియమింపవలెను, మార్కులనుబట్టి తరగతులను విభజింపరాదు, పదిమందిలో నవమానింపరాదు. వ్యాజ్యెము బయలుదేరినది మన యూరినుండియే గనుక వానిని అమలుపరచుటలో మనమే ముందుండవలసినవారము.

అవమానమనగా తిట్టు మాత్రమే కాదు. ఫీజు రీయింబర్సుమెంటు రాలేదని తరగతిలో నిలువబెట్టి పేర్లు చదువుట అవమానము. తండానుండి వచ్చిన పిల్లవాని యాసకును, తెలుగుమాధ్యమమున చదివివచ్చిన బాలిక ఇంగ్లీషునకును నవ్వుట అవమానము. ర్యాంకు అడుగు నెపమున కులమును కనుగొనుట యవమానము. 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయమున రోహిత్ వేముల ఆత్మహత్య చేసికొన్నప్పుడు దేశమంతయు కొంతకాలము ఈ విషయమును మాటలాడెను, పిమ్మట యథాప్రకారమే. నవ్వినవారిలో నెక్కువమందికి తాము గాయపఱచితిమని తెలియనే తెలియదు. ఆ తెలియకపోవుటయే మేము చెప్పుచున్న అనవధానము.

దీనికి కళాశాలలను మాత్రమే నిందించుట న్యాయము కాదు. ఆ గడియారమును లక్షలు పోసి కొనుచున్నవారు మన పాఠకులైన గృహస్థులే. సెలవులకు వచ్చిన కుమారుని మన పొలము కౌలు చేయుచున్నవాని పేరేమని యడిగి చూడుడు. ఆ కౌలుదారు బిడ్డలేమి చదువుచున్నారని యడిగి చూడుడు. వానికి తెలియకున్న, మనమెన్నడైన చెప్పితిమా యని గూడ ఆలోచింపవలసియుండును.

మన విద్యార్థులకీ గుణము క్రొత్తది కాదు. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీని వీరేశలింగముపంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించినప్పుడు, పెద్దలు వెలివేయుచుండగా, పంతులుగారి ప్రక్క నిలిచినవారిలో విద్యార్థులుండిరి. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు చదువులు విడిచి సహాయమునకు పోయిన యువకులను ఎఱిగినవారు నేటికిని కలరు. గాంధిమహాత్ముని శతజయంతి వత్సరమైన 1969లో జాతీయసేవాపథకము 37 విశ్వవిద్యాలయములలో 40,000మందితో ప్రారంభమయ్యెను. దాని నినాదము నేను కాదు, నీవు అనునది. రెండేండ్లలో 240గంటల సేవయు, ఏడుదినముల గ్రామశిబిరమును దానికి విధింపబడినవి. చీపురు పట్టుకొని ఫోటోకు నిలుచుటతో ఆ గంటలు తీరిపోకుండిన, దానికంటె మంచి ధ్యానమందిరమును మేమూహింపజాలము. ఒక గ్రామమున ఏడు రాత్రులు గడపినవాడు ఆ గ్రామమునకు నీరెచ్చటినుండి వచ్చునో, ఎవరి వాడకు తుదిగా వచ్చునో ఎఱుగును.

అరగంట ధ్యానమును మాన్పింపవలదు. దానికి తోడు దినమున నొక గంట ఏ పరీక్షకును చెందనిదిగా విడువవలెను. ప్రతి హాస్టలు వరుసలోను రోగిని చూచుకొను వంతు ఒకరికుండవలెను. ఆ వంతు పేరు గోడమీద వ్రాయవలెను. వంట చేయువారి పేర్లు, పాయిఖానాలు కడుగువారి పేర్లు మొదటి వారములోనే విద్యార్థులకు తెలియవలెను. ఇందులో వేనికిని నిధులక్కరలేదు, ప్రభుత్వపు ఉత్తరువక్కరలేదు. ఈ యేడు ప్రవేశములకై పిల్లలను తోడ్కొని పోవు తండ్రులు ర్యాంకుల పట్టిక చేతికిచ్చునప్పుడే ప్రిన్సిపాలుగారిని రెండు ప్రశ్న లడుగుదురుగాక: మీ కౌన్సిలరు పేరేమి? రాత్రివేళ మా పిల్లవానికి జ్వరము వచ్చిన, మొదట తెలిసికొనువా రెవరు?